నిన్న చెప్పే ఇల్లు, రేపు నిలబెట్టే మాట



మూడేళ్ళు దాటిన పిల్లలతో కాసేపు మాట్లాడి చూడండి. "రేపు మేం అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళాం" అంటారు. పోయిన క్రిస్మస్‌కు కుట్టించిన గౌను చూపించి "ఇది నిన్న కొన్నారు" అంటారు. మనం నవ్వుతాం. "నిన్న అనాలమ్మా, రేపు కాదు" అని దిద్దుతాం. కానీ ఆ పిల్ల మాటలో ఒక పెద్ద సంగతి ఉంది. జరిగిపోయినదంతా ఆ పిల్లకు నిన్న. ఇంకా జరగనిదంతా రేపు. ఒక్కోసారి ఆ రెండూ కలిసిపోతాయి. "ఇప్పుడు" కాని కాలం ఒకటి ఉందని మాత్రం ఆ చిన్న మనసుకు తెలిసింది. అది ఏ వైపు ఉందో, ఎంత దూరంలో ఉందో ఇంకా పూర్తిగా తెలియలేదు.

వెలుగును చూడడం, శబ్దాన్ని వినడం బిడ్డకు ఎవరూ నేర్పరు. నిన్న, రేపు అలా రావు. వాటికి కావలసిన మెదడును దేవుడిచ్చాడు. ఆ మెదడులో నిన్నను, రేపును నిలబెట్టే పనిలో ఇంట్లోని పెద్దవాళ్ళకు చాలా పెద్ద భాగం ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. బిడ్డకు నిన్నటి సంగతులు చెప్పే ఇల్లు, రేపటి మాట నిలబెట్టుకునే ఇల్లు ఆ బిడ్డకు భవిష్యత్తును ఇస్తున్నాయి. ఫీజులు, ట్యూషన్లు ఆ తర్వాత.

పిల్లలకు కాలం ఎప్పుడు తెలుస్తుంది?

పసిబిడ్డకు జ్ఞాపకం లేదనుకుంటాం. అది నిజం కాదు. అమెరికాలో కరొలిన్ రోవీ-కాలియర్ అనే పరిశోధకురాలు ఉయ్యాల పైన వేలాడే బొమ్మకు రిబ్బను కట్టి, దాని రెండో కొసను బిడ్డ కాలికి కట్టింది. కాలు ఆడిస్తే బొమ్మ ఊగుతుంది. రెండు మూడు నెలల బిడ్డలు కూడా ఆ కిటుకు కనిపెట్టారు. కొన్ని రోజుల తర్వాత అదే బొమ్మ చూపిస్తే వెంటనే కాళ్ళు ఆడించారు. తొమ్మిది నెలలు వచ్చేసరికి బిడ్డ ఈ రోజు చూసిన చిన్న పనిని మరునాడు తానే చేసి చూపిస్తుంది.

అయినా ఆ రోజులు మనలో ఎవరికీ గుర్తు లేవు. పెద్దవాళ్ళను "మీకు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఏది?" అని అడిగితే, సగటున అది మూడు, మూడున్నర ఏళ్ళ వయసు దగ్గర ఆగుతుంది. అంతకు ముందు మెదడులో జ్ఞాపకాలను కూర్చే భాగం ఇంకా ఎదుగుతూ ఉంటుంది. జరిగినదాన్ని కథగా చెప్పుకునే భాష ఉండదు. ఇది "నాకు" జరిగింది అనుకునే ఆ "నేను" కూడా అప్పుడప్పుడే గట్టిపడుతూ ఉంటుంది.

రేపు ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఎస్టోనియా దేశంలో పిల్లలకు చెప్పే కథ ఒకటి ఉంది. ఒక చిన్న పిల్ల స్నేహితురాలి పుట్టినరోజు విందుకు వెళ్ళినట్టు కల కంటుంది. అక్కడ అందరికీ చాక్లెట్ పుడ్డింగ్ పెడతారు. మన పాయసం లాంటిది అనుకోండి. అందరి చేతిలో చెంచా ఉంది, ఈ పిల్ల దగ్గర లేదు. చెంచా తెచ్చుకున్నవాళ్ళకే తినే వీలు. మరుసటి రాత్రి ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? దిండు కింద చెంచా పెట్టుకుని పడుకుంది.

ఆ దేశంలోనే పుట్టి కెనడాలో స్థిరపడిన ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ కథను ఒక పరీక్షగా మార్చాడు. ఇప్పుడు అవసరం లేని వస్తువును, రాబోయే అవసరం కోసం ఇప్పుడే చేతిలోకి తీసుకోగలిగితే ఆ మనసుకు రేపు తెలిసినట్టు. తర్వాత కొందరు దీన్ని చిన్నపిల్లలతో చేసి చూశారు. ఒక గదిలో తాళం వేసిన పెట్టె చూపించి, వేరే గదికి తీసుకెళ్ళి ఆడించి, పావుగంట తర్వాత "మళ్ళీ ఆ గదికి వెళ్తున్నాం, వీటిలో ఏది తెచ్చుకుంటావు?" అని కొన్ని వస్తువులు చూపించారు. నాలుగేళ్ళ పిల్లలు ఎక్కువగా ఆ పెట్టెకు సరిపోయే తాళంచెవి తీసుకున్నారు. మూడేళ్ళ పిల్లలు చేతికి ఏది అందితే అది తీసుకున్నారు.

ఇంకో పరీక్ష చూడండి. పిల్లలకు ఉప్పు ఎక్కువగా ఉన్న చిరుతిండి పెట్టి, దాహం వేశాక "రేపు వచ్చినప్పుడు నీకు ఏం కావాలి? ఇదా, నీళ్ళా?" అని అడిగారు. మామూలుగా అయితే చిరుతిండే కావాలనే పిల్లలు, దాహంగా ఉన్నప్పుడు నీళ్ళు కావాలన్నారు. ఈ రోజు దాహాన్ని రేపటికి కూడా అంటగట్టారు. ఐదేళ్ళ పిల్లలు కూడా అంతే. పిల్లలే ఏమిటి, ఆకలితో సంతకు వెళ్ళిన పెద్దవాళ్ళ సంచీ చూస్తే మనమూ అంతేనని తెలుస్తుంది.

వారాల పేర్లు గడగడా అప్పజెప్పడం వేరు, శుక్రవారం నుంచి ఆదివారానికి ఎన్ని రోజులో తెలియడం వేరు. అది బడికి వెళ్ళిన కొన్నేళ్ళకు గానీ కుదరదు. కనుక తల్లులారా, నాలుగేళ్ళ బిడ్డకు "వచ్చే నెల పదిహేనో తారీకున నాన్న వస్తాడు" అని చెబితే అది గాలిలో మాటే. దగ్గర పడ్డాక "ఇంకా మూడు రాత్రులు పడుకుంటే నాన్న వస్తాడు" అని చెప్పండి. అప్పుడు ఆ రేపును బిడ్డ వేళ్ళ మీద పట్టుకోగలుగుతుంది. "మళ్ళీ మర్చిపోయావా, నీకు బుద్ధి లేదా" అనే మాట మాత్రం నాలుగేళ్ళ బిడ్డను అనకండి. అది బుద్ధి లేకపోవడం కాదు, ఇంకా ఎదగకపోవడం.

జ్ఞాపకం దేనికోసం?

సంఘ చరిత్ర చదివినవారికి ఆగస్టీను తెలుసు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉన్నవాడు. సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో రాసిన తన "ఒప్పుకోలు" గ్రంథం పదకొండో భాగంలో కాలం గురించి చాలా దూరం ఆలోచించాడు. గతం ఇప్పుడు లేదు, భవిష్యత్తు ఇంకా రాలేదు, మరి అవి ఎక్కడ ఉన్నాయి? ఆయన చేరుకున్న జవాబు క్లుప్తంగా ఇది. అవి మనసులో ఉన్నాయి. గతం జ్ఞాపకంగా, భవిష్యత్తు ఎదురుచూపుగా, రెండూ ఇప్పటి మనసులోనే ఉన్నాయి.

పదిహేను వందల ఏళ్ళ తర్వాత ఆ రెండూ ఎంత దగ్గర చుట్టాలో ఒక మనిషి దురదృష్టం వల్ల తెలిసింది. వైద్య పుస్తకాలలో ఆయనను కె.సి. అంటారు. కెనడా దేశస్థుడు. 1981లో మోటారు సైకిల్ ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలింది. మాట పోలేదు, తెలివి పోలేదు. చదరంగం ఆడగలిగేవాడు. తాను చదివిన బడి పేరు చెప్పగలిగేవాడు. కానీ తన జీవితంలో జరిగిన ఒక్క రోజును కూడా మళ్ళీ మనసులో చూసుకోలేకపోయేవాడు. టుల్వింగ్ ఆయనను "రేపు ఏం చేస్తారు?" అని అడిగాడు. ఆయనకు ఏమీ తోచలేదు. నిన్న గురించి ఆలోచిస్తే మనసు ఎంత ఖాళీగా ఉందో, రేపటి గురించి ఆలోచించినా అంతే ఖాళీగా ఉందని ఆయన మాటల వల్ల తేలింది.

2007లో లండన్ పరిశోధకులు ఇదే సంగతిని ఇంకో దారిలో చూశారు. మెదడు లోపల హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది, సముద్రపు గుర్రం ఆకారంలో. అది దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయినవారిని, సముద్రపు ఒడ్డున ఉన్నట్టు ఊహించుకుని చెప్పమన్నారు. వారిలో ఎక్కువ మంది ఆకాశం, ఇసుక అంటూ ముక్కలు ముక్కలుగా చెప్పగలిగారే గాని, ఆ చోటును ఒక్కటిగా కూర్చలేకపోయారు. మామూలు మనుషుల మెదడును స్కానింగ్ చేసి చూసినప్పుడు కూడా, జరిగినదాన్ని తలుచుకున్నా జరగబోయేదాన్ని ఊహించుకున్నా చాలావరకు అవే భాగాలు పనిచేశాయి.

దీన్ని బట్టి నాకు అర్థమైనది చెబుతాను. మనం జ్ఞాపకాన్ని పద్దు పుస్తకం అనుకుంటాం, జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకునేది. కానీ అది రైతు ఇంట్లో విత్తనాల గాదె లాంటిది. పోయిన పంటలో గింజలు దాచేది చూసుకుని మురవడానికి కాదు, మళ్ళీ చల్లడానికి. రేపును ఊహించాలంటే నిన్నటి గింజలే కావాలి. జ్ఞాపకాలు కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెం మారిపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చని కొందరు పండితుల అభిప్రాయం. విడదీసి కొత్తగా కలపడానికి వీలుగా ఉన్నది కాబట్టి, అది రాతి మీద చెక్కినట్టు ఉండదు.

మన మాటల్లోనే ఈ చుట్టరికం ఉంది. "మునుపు" అంటే గడిచిన కాలం. "మున్ముందు" అంటే రాబోయే కాలం. రెండింట్లోనూ ఉన్నది "మున్" అనే ఒకే వేరు. హెబ్రీ భాషలో "కెదెం" అనే మాటకు ఎదుట అనే అర్థమూ ఉంది, పూర్వకాలం అనే అర్థమూ ఉంది. వెనుక అనే అర్థమున్న వేరు నుంచే తర్వాతి కాలానికి, అంత్యానికి వాడే "అహరీత్" అనే మాట వచ్చింది. దక్షిణ అమెరికా కొండల్లో ఉండే ఐమారా ప్రజలు ఇంకా స్పష్టంగా గతం కళ్ళ ముందు ఉందనీ భవిష్యత్తు వీపు వెనక ఉందనీ మాట్లాడతారు, చేతులూ అలాగే చూపిస్తారు. ఆలోచిస్తే సబబే. చూసినది గతాన్నే కదా, రేపును చూసినవాడు ఎవడు? పడవ నడిపేవాడు వెనక్కి తిరిగి కూర్చుని తెడ్డు వేసినట్టు, మనమందరం దాటివచ్చిన ఒడ్డును చూస్తూనే రాని ఒడ్డుకు వెళ్తున్నాం.

చీమ, పక్షి, రాతి గొడ్డలి

ఈ శక్తి మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది? సొలొమోను సోమరిని చీమ దగ్గరికి పంపించాడు. చీమ ఎండాకాలంలోనే ఆహారం కూర్చుకుంటుంది. చలి దేశాల ఉడుత కూడా గింజలు పాతిపెడుతుంది. కానీ ఒక్క చలికాలమైనా చూడని ఉడుత పిల్ల కూడా ఆ పని చేస్తుంది. అంటే అది రేపును తలుచుకుని చేసే పని కాదు, పుట్టుకతో దాని ఒంట్లో ఉన్న అలవాటు.

కొన్ని జీవులు అంతకంటే కొంచెం ముందుకు వెళ్ళాయి. అమెరికాలో స్క్రబ్ జే అనే నీలం రంగు పక్షి ఉంది, కాకి జాతిదే. 1998లో నికోలా క్లేటన్, ఆంథనీ డికిన్సన్ అనేవారు దానికి పురుగులూ వేరుశనగ గింజలూ ఇచ్చి దాచుకోనిచ్చారు. పురుగులంటే దానికి ఇష్టం, కానీ అవి కుళ్ళిపోతాయి. కొన్ని గంటల తర్వాత వదిలితే పురుగులు దాచిన చోటికి వెళ్ళింది. ఐదు రోజుల తర్వాత వదిలితే పురుగుల జోలికి పోకుండా వేరుశనగ గింజలు వెతుక్కుంది. ఏది, ఎక్కడ, ఎంతసేపటి కిందట దాచానో దానికి తెలుసు. 2007లో కేంబ్రిడ్జిలో ఇంకో పరీక్షలో, పొద్దున తనకు తిండి దొరకని గది ఏదో తెలుసుకున్న పక్షి, ముందురోజు సాయంత్రమే ఆ గదిలో గింజలు దాచింది. ఇది మన ముందుచూపు లాంటిదేనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఏమైనా కాకి జాతిని చూసి మనం అనుకున్నంత తక్కువ చేయనక్కరలేదు.

మనిషి విషయంలో సాక్ష్యం రాళ్ళలో ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మద్రాసు దగ్గర పల్లావరంలోనూ, తర్వాత అత్తిరంపాక్కంలోనూ చెక్కిన రాతి పనిముట్లు గుర్తించాడు. అత్తిరంపాక్కం పనిముట్లు కనీసం పది లక్షల ఏళ్ళ కిందటివని ఈ మధ్య లెక్క కట్టారు. కెన్యాలో దొరికిన ఇలాంటివి 17 లక్షల ఏళ్ళ పైబడినవి. ఈ లెక్కలు వినగానే మన సంఘంలో కొందరికి ఇబ్బంది కలుగుతుందని నాకు తెలుసు. ఆ చర్చ ఇక్కడ పెట్టను. ఆ రాయిని మాత్రం చూడండి. రెండు వైపులా సమంగా చెక్కి, బాదం గింజ ఆకారానికి తెచ్చారు. దెబ్బ మీద దెబ్బ వేస్తూ, ఇంకా రాని ఆకారాన్ని మనసులో నిలుపుకుంటే గాని ఆ పని కుదరదు. కత్తి చేసేటప్పుడు కోయవలసినది ఇంకా ఎదుట లేదు. అది దిండు కింద చెంచా పెట్టుకున్న పిల్ల లాంటి మనసే.

ఈ శక్తి ఎందుకు నిలిచిందో చెప్పేటప్పుడు చాలామంది పండితులు ఒక మాట మీద దగ్గరగా ఉన్నారు. నిన్నను తలుచుకున్నందువల్ల మాత్రమే ఎవరూ బతకలేదు. నిన్నను తలుచుకుని రేపటికి సిద్ధపడ్డవాడు బతికాడు, వాడి పిల్లలు బతికారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అనేది ఆ పాత తెలివినే.

మాట తప్పిన చోట రేపు ఉండదు

ఇక్కడి నుంచి మన ఇళ్ళ సంగతి.

1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే ఆచార్యుడు చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, "నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తాను" అని చెప్పి బయటికి వెళ్ళాడు. కొందరు ఆగారు, కొందరు తినేశారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారని చాలాకాలం ప్రచారమైంది. స్కూలు మీటింగుల్లో, మన ప్రసంగాల్లో కూడా ఈ కథ చెబుతుంటారు. "చూశారా, నిగ్రహం ఉన్నవాడే పైకి వస్తాడు" అని ముగిస్తారు. కానీ 2018లో ఇంకా చాలా ఎక్కువ మంది పిల్లలతో చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకున్నాక, ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రచురించిన ఇంకో పరీక్ష. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు 28 మంది. ముందుగా వారికి అరిగిపోయిన రంగు పెన్సిళ్ళు ఇచ్చి, "ఆగితే మంచివి తెస్తాను" అని మాటిచ్చారు. సగం మందికి చెప్పినట్టే తెచ్చి ఇచ్చారు. మిగతా సగం మందికి ఖాళీ చేతులతో వచ్చి "లేవు, వీటితోనే వేసుకో" అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ అలాగే చేశారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి చెప్పినప్పుడు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి చెప్పినప్పుడు 3 నిమిషాలే ఆగారు. మొదటి గుంపులో 14 మందిలో 9 మంది పావుగంటా ఆగితే, రెండో గుంపులో ఒక్కరే ఆగారు.

ప్రియులారా, ఆ రెండో గుంపు పిల్లలకు నిగ్రహం లేదా? నాకలా అనిపించదు. వారు తెలివైనవారు. ఈ మనిషి చెప్పే "తర్వాత" రాదని రెండుసార్లు చూశారు, ఉన్నదాన్ని తినేశారు. ఇక్కడ లోపం పిల్లలది కాదు, మాటది.

మన ఊరి కొట్టు మీద "నేడు నగదు, రేపు అరువు" అని రాసి ఉంటుంది. చదివి నవ్వుకుంటాం, ఆ రేపు ఎప్పటికీ రాదని అందరికీ తెలుసు కాబట్టి. చాలా ఇళ్ళలో బిడ్డ వినే "రేపు" కూడా ఈ బోర్డు మీద రేపే. ఏడుస్తుంటే "రేపు కొనిస్తా". వెంటపడితే "రేపు తీసుకెళ్తా". దూరదేశంలో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో "సంక్రాంతికి వచ్చేస్తా కన్నా" అంటాడు. సంక్రాంతి పోయి ఈస్టరు వస్తుంది, అప్పుడు "దసరాకి తప్పకుండా" అంటాడు. సెలవు దొరకదు, టిక్కెట్టుకు డబ్బు కుదరదు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ బిడ్డ ముందు పెట్టే మాట చిన్నదైనా పరవాలేదు, నిలబడేదై ఉండాలి. "ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తా" అని చెప్పి, ఆరింటికే చేయండి. వారం వారం అది జరిగితే, "ఆదివారం" అనే మాట ఆ బిడ్డ మనసులో ఒక గుంజలా నిలబడుతుంది. తర్వాత చదువుకో, పొదుపుకో, పెళ్ళికో దాన్నే ఆసరా చేసుకుంటుంది.

ఇదే కొలత పేదవారికి కూడా వాడండి. "వాళ్ళకు ముందుచూపు లేదు, వచ్చింది వచ్చినట్టే ఖర్చు" అని మన కూడికల్లోనే అంటుంటారు. తమిళనాడులో చెరకు రైతులతో చేసిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. చెరకుకు ఏడాదిలో ఒకసారి కోత తర్వాత డబ్బు వస్తుంది. అవే మనుషులకు కోతకు ముందు, కోత తర్వాత ఆలోచనా పరీక్షలు పెట్టారు. డబ్బు చేతిలో లేని రోజుల్లో తక్కువగా, వచ్చాక మెరుగ్గా చేశారు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. ఇబ్బంది మనసునంతా ఈ రోజుకే కట్టేసింది. వారం వారం కిస్తీ కట్టేవాడి రేపు వచ్చే కిస్తీ దగ్గరే ఆగిపోతుంది. అతనికి ప్రసంగం కంటే ముందు కాస్త వెసులుబాటు కావాలి.

నిన్నను ఎవరు చెప్పాలి?

రేపటికి నిన్నటి గింజలు కావాలన్నాను కదా. ఆ గింజలు బిడ్డ గాదెలో పోసేది సంభాషణ.

అమెరికాలో రాబిన్ ఫివుష్, న్యూజీలాండ్‌లో ఎలెయిన్ రీస్ వంటి పరిశోధకులు తల్లులు పిల్లలతో గడిచిన రోజుల గురించి ఎలా మాట్లాడతారో ఏళ్ళ తరబడి గమనించారు. కొందరు "ఎక్కడికి వెళ్ళాం? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెడతారు. కొందరు "తిరునాళ్ళకు వెళ్ళాం కదా, అక్కడ నీ చెప్పు తెగింది, అప్పుడు తాత ఏం చేశాడు?" అని దారి చూపిస్తూ అడుగుతారు, బిడ్డ చెప్పినదానికి ఇంకొంచెం చేరుస్తారు. ఈ రెండో రకం ఇళ్ళలో పిల్లల జ్ఞాపకాలు నిండుగా ఉంటాయి. న్యూజీలాండ్‌లో మావోరీ ప్రజలకు వంశ చరిత్రను, బిడ్డ పుట్టిన కథను చెప్పుకునే అలవాటు బలంగా ఉంది. అక్కడ పెద్దవాళ్ళను మొదటి జ్ఞాపకం అడిగితే, ఐరోపా సంతతివారిది సగటున మూడున్నర ఏళ్ళ దగ్గర ఉంటే, మావోరీలది మూడేళ్ళు నిండకముందే మొదలైంది. ఆ తేడాకు ఈ అలవాటు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

యెహోషువ కాలంలో ప్రజలు యొర్దాను దాటాక నదిలోని పన్నెండు రాళ్ళు తెచ్చి గిల్గాలులో నిలబెట్టారు. ఎందుకు? తర్వాత పిల్లలు ఈ రాళ్ళేమిటని అడిగితే పెద్దలు జవాబు చెప్పాలని. రాయి తనంతట తాను మాట్లాడదు. పిల్లవాడు అడగాలి, తండ్రి చెప్పాలి. మనం బల్ల దగ్గరికి వచ్చినప్పుడు కూడా అంతే. వెనక్కి చూస్తాం, ఆయన వచ్చేదాకా అని ముందుకూ చూస్తాం.

ఈ రోజుల్లో మన రాళ్ళు ఫోన్‌లో ఉన్నాయి. ఒక్కో ఫోన్‌లో వేల ఫోటోలు. కానీ పక్కన కూర్చుని "ఇదిగో, ఈ రోజు వాన పడింది, మనం గుడి వసారాలో నిలబడ్డాం" అని చెప్పేవారు లేకపోతే అవి మాట్లాడని రాళ్ళే. ఇంట్లో అవ్వ, తాత ఉంటే ఇంకా మంచిది. వారికి మన పుట్టుక తెలుసు, కరువు తెలుసు, ఉప్పెన తెలుసు. అది దాటి బతికారని తెలిసిన బిడ్డకు తన కష్టం కూడా దాటవచ్చని తెలుస్తుంది.

రేపు మూసుకుపోయిన వారి దగ్గర

ఒక బరువైన మాట చెప్పాలి. 1986లో మార్క్ విలియమ్స్ అనే ఆయన, ఇంకొకరు కలిసి, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారి జ్ఞాపకాలను పరిశీలించారు. "సంతోషం" వంటి ఒక మాట ఇచ్చి, దానికి తగిన ఒక రోజును చెప్పమంటే వారికి కష్టమైంది. "చిన్నప్పుడు బాగుండేది" అన్నట్టు పైపైన చెప్పారే గాని, ఫలానా రోజు ఫలానా చోట అని చెప్పలేకపోయారు. తర్వాత ఇతరులు చేసిన పరిశోధనల్లో, రాబోయే రోజుల్లో ఎదురుచూసే మంచి విషయాలు చెప్పమన్నా అలాంటివారికి తక్కువే తోచాయి. నిన్న మసకబారినప్పుడు రేపు కూడా మసకబారుతుంది.

పంట పోయి, అప్పు పెరిగి, మాట తగ్గించేసిన మనిషి మన వీధిలో ఉంటే, "ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పి లేచి రాకండి. ఆ "అన్నీ" అతనికి కనబడడం లేదు. పక్కన కూర్చోండి. "మొదటి ఎడ్ల జత ఎక్కడ కొన్నావు? ఆ రోజు ఎవరు వచ్చారు నీతో?" అని ఒక ఫలానా రోజును అడగండి. "బుధవారం పొద్దున బ్యాంకుకు నేను వస్తాను నీతో" అని ఒక ఫలానా రేపు ఇవ్వండి, బుధవారం వెళ్ళండి. చావు మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది. ప్రార్థన చేయండి, ఫోన్ కూడా చేయండి. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు.

మతిమరుపు వచ్చిన పెద్దవారి విషయంలోనూ ఇంతే. "నిన్ననే చెప్పాను కదా" అని కసురుకుంటే వారికి నిన్న తిరిగి రాదు. వారి నిన్నను, రేపును ఇప్పుడు మనం మోయాలి, ఒకప్పుడు మనవి వారు మోసినట్టే.

చింత వేరు, ముందుచూపు వేరు

"రేపటి గురించి చింతపడవద్దని ప్రభువు చెప్పాడు కదా అయ్యగారూ, మరి ఈ రేపటి గోల ఎందుకు?" అని అడిగేవారు ఉంటారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పిందీ ఆయనే. ఆయన వద్దన్నది రేపటిని తలుచుకోవడం కాదు, రేపటి కింద నలిగిపోవడం. రేపును ఊహించగల మనసుకు ఆ జబ్బు కూడా వెంటే వస్తుంది. రాని కష్టాన్ని పదిసార్లు ముందే అనుభవించగలిగేది మనిషే. దిండు కింద చెంచా పెట్టుకుని నిద్రపోవడం ముందుచూపు. పాయసం దొరకదేమోనని తెల్లవార్లూ దొర్లడం చింత. చేయవలసిన పని ఒకటి దొరికిందా, అది ముందుచూపు. చేసేదేమీ లేక అదే ఆలోచన గానుగెద్దులా తిరుగుతోందా, అది చింత. దాన్ని దేవుని చేతిలో పెట్టి పడుకోండి.

ఈ వారం రెండు పనులు చేయమని మీ అందరినీ బతిమాలుకుంటున్నాను. రాత్రి దీపం తీసేముందు మీ బిడ్డతో ఆ రోజు జరిగిన ఒక్క సంగతిని మళ్ళీ చెప్పుకోండి. ఆ తర్వాత రేపటికి ఒక్క చిన్న మాట ఇవ్వండి, ఖర్చు లేనిదే ఇవ్వండి. "రేపు బడి నుంచి రాగానే ఇద్దరం కలిసి జామచెట్టుకు నీళ్ళు పోద్దాం" అనే పాటిది. సాయంత్రం ఎన్ని పనులున్నా బిందె పట్టుకుని వెళ్ళండి. దూరాన ఉన్న తండ్రులారా, మీరు ఆదివారం ఆరింటికి ఫోన్ చేయండి.

ప్రభువు మీ ఇంటిని, మీ పిల్లలను దీవించును గాక. ఆమేన్.